కుందేళ్ళ సారు రిజిస్టర్లో ఒక పంక్తి

మా కుందేళ్ళ సారు పోయిన నెల చివరి ఆదివారం ఉదయం చనిపోయారు. పాత ఉద్యోగులు కలిసి ఆయన పేరిట వేస్తున్న స్మృతి సంచిక వచ్చే నెల ఇరవయ్యో తేదీన అచ్చుకు వెళ్తుంది. ఆయన సర్వీసు మొత్తంలో జరిగిన ఒక్క పొరపాటు గురించి, దాన్ని ఆయన దాచకుండా ఒప్పుకున్న తీరు గురించి అందులో ఒక పేజీ ఉంది. ఆ పొరపాటు ఆయనది కాదు, నాది. సంచిక అచ్చయ్యాక దిద్దడం కుదరదు కనుక ఇప్పుడే రాస్తున్నాను.

మా వైపు తిరిగే ఈ నాలుగు పేజీల నెలవారీ కాగితం చదివేవాళ్ళలో సగంమందికి ఆయన తెలుసు. మిగతావాళ్ళకు చెప్పాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో సెలైన్ సీసాలు తయారు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఇప్పుడది చేతులు మారి ఇంకేదో తయారు చేస్తోంది. అక్కడ నింపిన ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని సీసాలు సారు గదికి వచ్చేవి. ఆయన ఆ నీటిని మూడు కుందేళ్ళకు చెవి నరంలోంచి ఎక్కించి, మూడు గంటలపాటు అరగంటకోసారి వాటి ఒంటి వేడి చూసేవారు. జ్వరం రాకపోతే బ్యాచ్ బయటికి వెళ్తుంది, వస్తే వెళ్ళదు. ఆ సీసా ఏ ఊళ్ళో ఎవరి చేతికి ఎక్కుతుందో ఆయనకు తెలియదు. ఎక్కించుకున్నవాళ్ళకు ఆయన తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన పని ఇదే.

రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. ప్యాంటు మీద తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉండేవి. సాయంత్రం తిరుగు బస్సులో పక్క సీటువాళ్ళు జరిగి కూర్చునేవారట. "మంచిదే బిడ్డా, కాళ్ళు సాపుకోనీకి జాగ దొరుకుతది" అనేవారు. కుందేళ్ళ సారు అన్న పేరు పెట్టింది కూడా ఆ రూటులో కండక్టరే.

ఆయన పోయింది రక్తంలో ఇన్ఫెక్షన్‌తో. మూత్రంలో మొదలై రక్తంలోకి పాకింది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు. పదో రోజున నేను పోతిరెడ్డిపల్లిలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. సారు భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది:

"మందుతోని క్రిములు సచ్చినయన్నరు గద బిడ్డా. రెండోపారి రక్తం తీసి సూస్తే ఏం లేవన్నరు. మరి ఎట్ల పోయిండు?"

"సచ్చిన క్రిముల ముక్కలు నెత్తుర్లనే ఉంటయమ్మా. వాటిని సూసి మన తెల్లకణాలు ఆగకుండ కబుర్లు పంపుతనే ఉన్నయి. ఒంట్ల నరాలన్ని వదులైనయి, బీపీ పడిపోయింది. మళ్ళ లెవ్వలే."

ఆమె కొంగు సర్దుకుని, "గీ ముచ్చట ఆయన గూడ చెప్పేటోడు. సచ్చినోని సామాను ఇంట్లనే ఉంటదని" అంది. గోడకున్న ఫోటో వైపు చూసి, "గింత తెలిసినోడు గా ఒక్కపారి ఎట్ల మర్శిండో. గదే రంది ఆయనకు" అంది.

ఇంటినిండా చుట్టాలున్నారు. నేను తల దించుకుని టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు మొదటినుంచి చెప్తాను. మాది భానూరు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. సంగారెడ్డిలో డిగ్రీ పూర్తి చేసి, ఆరు నెలల ట్రైనింగు మీద సారు గదిలో చేరాను. ఆరు నెలలు బాగా చేస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే ఇక చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. అలాగని మా నాన్న ముందే నా దగ్గర మాట తీసుకున్నాడు.

మొదటి రోజు గుమ్మంలోనే సారు నన్ను ఆపారు. నా చేతుల వైపు చూసి, జేబులోంచి రుమాలు తీసిచ్చారు. "గాజులు పైకి జరిపి కట్టు. గలగలమంటె వాటికి గుండె దడ. దడకు గూడ వేడెక్కుతది. గప్పుడు మందుకు ఎక్కిందో నీ గాజులకు ఎక్కిందో నేనేం రాయాలె?"

ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, అత్తరు పూసుకోకూడదు, కొత్త మనుషులు రాకూడదు. చెప్పులు బయట వదలాలి. కుందేళ్ళు చెక్కపెట్టెల్లో తలలు మాత్రం బయటికి పెట్టి వరసగా కూర్చుని ఉండేవి. సారు ఒక్కోదాని దగ్గరికి వెళ్ళి, థర్మామీటరును మూడుసార్లు విదిలించి, వెనకనుంచి పెట్టి, గోడ గడియారం చూస్తూ నిలబడేవారు. కుందేళ్ళకు చెవిలో నంబర్లుండేవి. పేర్లు పెట్టొద్దని సారు నియమం. కానీ వాటికి గడ్డి వేసి పెట్టెలు కడిగే యాదమ్మ అన్నింటికీ పేర్లు పెట్టేసింది. అందులో బాగా లావుగా ఉండేదాని పేరు పట్వారి.

యాదమ్మ థర్మామీటరు చదవలేదు. కానీ జ్వరం ఆమెకే ముందు తెలిసేది. కుందేలుకు ఒళ్ళు కాలబోయే ముందు చెవులు చల్లబడతాయి. లోపలి వేడి బయటికి పోకుండా చెవుల్లో నరాలు ముడుచుకుంటాయి. ఆమె వరసగా చెవులు ముట్టుకుంటూ పోయి, "సారూ, సల్లగైనయి" అనేది. సారు గడియారం చూసేవారు. పావుగంటకో అరగంటకో పాదరసం ఆమె మాటనే చెప్పేది.

రిజిస్టరు రాయడం కూడా సారే నేర్పారు. మొదటి వారంలో ఒక అంకె తప్పు రాసి, భయపడి, పెన్నుతో నల్లగా కొట్టేశాను. సారు ఆ పేజీని వెలుతురుకు ఎత్తి చూశారు.

"కింద ఏం రాసినవ్?"

"తప్పు రాసిన సార్."

"తప్పు గూడ కనవడాలె బిడ్డా. కనవడకుంటె దొంగలెక్క. ఒక్క గీత గియ్యి. కింద రాసింది సదవనీకి రావాలె. పక్కన ఒప్పు రాయి, సంతకం వెట్టు. ఇంకొకలు సూసి వాళ్ళు గూడ పెట్టాలె. దిద్దినోళ్ళొకలు, సూసినోళ్ళొకలు."

యాదమ్మకు సంతకం రాదు కనుక చూసినవాళ్ళ గడిలో ఆమె వేలిముద్ర ఉండేది. మా గది రిజిస్టర్లలో అలాంటి నీలం ముద్రలు చాలా ఉన్నాయి. వాటిని క్వాలిటీ మేనేజర్‌గారు మొదట్లో ఒప్పుకోలేదట. "ఆమె సూసింది సార్. సూసినోళ్ళే పెట్టాలని మీరే రాసిండ్రు" అని సారు రూల్ కాగితం చూపించారట.

నా ఆరు నెలల్లో ఐదో నెల ఎండాకాలంలో వచ్చింది. కరెంటు కోత. జనరేటర్ ఉన్నా అది సీసాలు నింపే మిషన్లకు మాత్రమే. సారు దగ్గరి బంధువుల పెళ్ళికి జహీరాబాద్ వెళ్తూ నాతో చెప్పారు: "సూదులు, సిరంజిలు కడిగి ఓవెన్‌ల పెట్టి ఉంచు. రెండు వందల యాభై డిగ్రీలు, అరగంట. ఎల్లుండి టెస్టు."

గాజు సిరంజిలు కడిగాను. ఓవెన్ స్విచ్ వేశాను. పది నిమిషాలకు కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాలేదు. మర్నాడు కూడా అంతే. పక్క గదిలో గ్యాస్ పొయ్యి మీద పెద్ద ప్రెషర్ కుక్కర్ ఉండేది.

మా ఇంట్లో అమ్మ బోరు నీళ్ళను మరగబెట్టకుండా ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ రోజుల్లో మా వైపు బోరు నీళ్ళు గ్లాసులో పోస్తే పచ్చగా ఉండేవి, వాసన వచ్చేవి. మరగబెడితే ఏ రోగమూ రాదని నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. డిగ్రీ పుస్తకం కూడా ఆవిరి వేడికి సూక్ష్మజీవులన్నీ చస్తాయనే చెప్పింది. సిరంజిలను గుడ్డలో చుట్టి కుక్కర్లో పెట్టాను. యాదమ్మ తొంగి చూసింది.

"ఏందే పిల్లా, సూదులతోని పప్పు వండుతున్నవా?"

"కరెంటు లేదక్కా. ఉడికిస్తె పురుగు సస్తది గద?"

"సస్తది సస్తది. గంత వేడిల సర్పంచే సస్తడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ముప్పావుగంట ఉంచి దించాను. నాలుగైదు టెస్టులకు సరిపడా సామాను అలాగే సిద్ధం చేసి, ఓవెన్ నుంచి తీసిన సామాను పెట్టే డబ్బాలోనే పెట్టాను. సారు వచ్చాక చెప్పాలని నాకు తోచనే లేదు. అది చెప్పాల్సిన విషయమని అప్పుడు తెలియదు.

టెస్టు రోజు గంట తిరగకుండానే యాదమ్మ "సల్లగైనయి" అంది. మూడింటివీ. సారు థర్మామీటరు విదిలించి మళ్ళీ పెట్టారు. మూడింటికీ జ్వరం. రూలు ప్రకారం ఇంకో ఐదు కుందేళ్ళతో మళ్ళీ చేశారు. వాటికీ వచ్చింది. బ్యాచ్ మొత్తం పారబోశారు. నీళ్ళ ప్లాంటువాళ్ళకు చివాట్లు పడ్డాయి. తర్వాతి బ్యాచ్ కూడా అలాగే అయింది. మేనేజర్‌గారు గుమ్మం బయట చెప్పులతోనే నిలబడి, "నీళ్ళలో ఏమీ లేదంటున్నారు వాళ్ళు. మీ కుందేళ్ళకే ఏదో రోగం వచ్చిందేమో చూసుకోండి" అన్నారు.

సారు ఆ రోజు భోజనం చెయ్యలేదు. బల్ల ముందు కూర్చుని చాలాసేపు డబ్బా వైపు చూశారు. తర్వాత, "ఒక పని చేద్దాం. కొత్త మందే వద్దు" అన్నారు. ఎప్పుడో పాసై, మనుషులకు కూడా ఎక్కిన పాత బ్యాచ్ సీసా ఒకటి తీశారు. అప్పటికి కరెంటు వచ్చింది. కొన్ని సిరంజిలను తానే ఓవెన్‌లో పెట్టారు. మూడు కుందేళ్ళకు డబ్బాలో మిగిలినవాటితో, మూడింటికి ఓవెన్ నుంచి తీసినవాటితో ఎక్కించారు. సీసా ఒక్కటే, నీళ్ళు ఒక్కటే.

యాదమ్మ వరసగా చెవులు ముట్టుకుంటూ వచ్చి మొదటి మూడింటి దగ్గర ఆగింది. మిగతా మూడూ వెచ్చగా ఉన్నాయి.

"గీ డబ్బాల సామాను ఎట్ల చేసినవ్ బిడ్డా?"

"కుక్కర్ల ఉడకవెట్టిన సార్. కరెంటు లేకుండె."

"ఎంతసేపు?"

"ముప్పావుగంట."

"మంచిగనే ఉడికినయి" అన్నారు సారు. కోప్పడలేదు. థర్మామీటర్లను తుడిచి వరసగా పెట్టారు.

మేనేజర్‌గారు వచ్చారు. ఈసారి చెప్పులు విడిచి లోపలికే వచ్చారు. ఆయన మొదట నా వైపే చూశారు. "ఆడపిల్లల్ని ఈ సెక్షన్‌లో వద్దని అప్పుడే చెప్పాను" అన్నారు. నా నోరు తెరుచుకుంది. సారు నాకంటే ముందు మాట్లాడారు.

"ఓవెన్ సంగతి నేను సూసుకోలే సార్. సామాను బాధ్యత నాది. పొరపాటు నాదే."

"మీరా? ఇన్నేళ్ళ సర్వీసులో?"

"అయింది సార్."

ఎర్ర పెన్ను తీసి రిజిస్టర్లో రాశారు: "గాజుసామాను పొడి వేడిలో పెట్టలేదు. పొరపాటు నాది." సంతకం పెట్టారు. మేనేజర్‌గారు కింద పెట్టారు. యాదమ్మ బయట పెట్టెలు కడుగుతోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ పంక్తి పక్కన చూసినవాళ్ళ గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ సంవత్సరం సారు సెక్షన్ ఇన్‌ఛార్జి కావాలి. కాలేదు. బయటినుంచి ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. సారు రిటైరయ్యేదాకా అదే బల్ల దగ్గర, అదే గడియారం కింద పనిచేశారు. నాకు మాత్రం ఆరు నెలలు నిండాక ఉద్యోగం ఖాయమైంది.

సారు ఎర్ర పెన్నుతో రాసిన ఆ మధ్యాహ్నమే నేను అడిగాను, "సార్, నేను పోయి చెప్త" అని.

"ఏం చెప్తవ్?"

"నేనే చేసిన అని."

"ఎట్ల చెయ్యాల్నో నీకు చెప్పిన. ఎందుకో చెప్పలే. ఎందుకో తెల్వనోళ్ళు కరెంటు పోంగనే ఇంకో తొవ్వ వట్టుకుంటరు. గది నా పొరపాటు గాదా? నేను అబద్ధం రాయలే."

తర్వాత ఎందుకో చెప్పారు. కొన్ని రకాల బాక్టీరియా బయటి గోడలోనే ఒక విషం ఉంటుంది. అది అవి వదిలేది కాదు, వాటి ఒంట్లో భాగమే. ఉడికిస్తే బాక్టీరియా చస్తుంది, గోడ పగిలి ఆ ముక్కలు గాజుకు అంటుకుంటాయి. ఆవిరి వేడికి అవి చెడవు, పొడి వేడికే మాడతాయి. ఆ ముక్క ఎంత చిన్నదైనా రక్తంలో పడితే తెల్లకణాలు దాన్ని కనిపెడతాయి. అవి కబురు పంపిస్తే మెదడు వేడి పెంచుతుంది.

అప్పుడే భోజనం సైరన్ కూసింది. కిటికీలోంచి అందరూ టిఫిన్ డబ్బాలతో క్యాంటీన్ వైపు పోతూ కనిపించారు.

"సూడు" అన్నారు సారు. "సైరన్ ఎవరు ఒత్తిండ్రని ఒక్కడన్న అడిగిండా? కూసింది, ఉరికిండ్రు. ఆ ముక్క జేసేది గంతే. కొట్టుడు గిట్ట ఏం లేదు. ఉత్తగ సైరన్ ఒత్తుతది. ఉరికేది మనోళ్ళే, జ్వరం తెచ్చేది మనోళ్ళే."

"తెల్లకణానికి ఎట్ల తెలుస్తది సార్, అది గోడ ముక్క అని?"

"గది నాకు తెల్వది. నా బుక్కుల లేదు. నువ్వు సదువుకున్నదానివి, తెలుసుకొని నాకు చెప్పు."

ఆ మాటను నేను శిక్షగానే తీసుకున్నాను. రెండేళ్ళు పనిచేసి, సెలవు పెట్టి, హైదరాబాదులో ఎమ్మెస్సీలో చేరాను. మా నాన్న వద్దన్నాడు. సారు భానూరు వచ్చి మా ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు నాన్న ఆయన ప్యాంటు మీది వెంట్రుకలు చేత్తో దులపడం మాత్రం చూశాను.

ఆ తర్వాత పరిశోధన. గాజు పళ్ళెంలో తెల్లకణాలను పెంచి, వాటికి ఆ గోడ విషాన్ని చుక్కలో వెయ్యోవంతు చూపించి, లోపల ఏం జరుగుతుందో చూడటం నా పని. ఆ విషాన్ని పట్టుకునే గ్రాహకం ఏదో అప్పుడప్పుడే తెలిసింది. అది కణం పైపొరలో గుచ్చుకుని ఉంటుంది, సగం బయటికి, సగం లోపలికి. బయటి సగానికి గోడ ముక్క తగలగానే లోపలి సగం పక్కనున్న ప్రోటీన్‌ను లేపుతుంది, అది ఇంకోదాన్ని. చివరికి, కేంద్రకం బయట కట్టేసి ఉన్న ఒక ప్రోటీన్‌కు కట్టు ఊడుతుంది. అది కేంద్రకంలోకి పోయి జ్వరపు కబుర్లు రాసే జన్యువులను తెరుస్తుంది. దానికి ఆకుపచ్చగా మెరిసే రంగు పట్టించి చూశాను. మొదట కణం అంచులంతా ఆకుపచ్చగా, నడుమ చీకటిగా ఉంది. అరగంటకు నడుమ వెలిగింది.

సెలవులకు వచ్చినప్పుడు పోతిరెడ్డిపల్లిలో సారు వరండాలో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ విన్నారు.

"అరగంటనా?"

"అరగంట సార్."

"మన కుందేలుకు పాదరసం లేసేది గంటకు. అంటె సగం టైము కణం లోపల్నే పోతది. మిగతా సగం కబురు మెదడుకు చేరనీకి." సాసర్ కింద పెట్టి, "అరగంటకోపారి సూడుమని రూలు రాసినోడు తెలిసే రాసిండా, ఉత్తగనే రాసిండా?" అన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేవారు. ఫ్యాక్టరీకి రాకముందు ఆయన ఒక ఆస్పత్రిలో రక్తం స్లైడ్లు చూసేవారు. "కోరింత దగ్గు పిల్లల రక్తంల తెల్లకణాలు కుప్పలు కుప్పలుంటుండె. గంతమంది ఉండి పిల్లను ఎందుకు కాపాడకపోయిరి?" అని అడిగారు. అది ఇంకో రకం విషమని, ఆ బాక్టీరియా బయటికి వదిలేదని చెప్పాను. అది తెల్లకణం లోపలికి దూరి, రమ్మని వచ్చే పిలుపును లోపలికి చేరవేసే ప్రోటీన్‌ను పాడు చేస్తుంది. పిలుపు వస్తూనే ఉంటుంది, కణానికి అందదు. రక్తం వదిలి దగ్గున్న చోటికి కదలలేక, కణాలన్నీ రక్తంలోనే గుమిగూడుతాయి.

"అంటె ఒకటి ఉత్తగ సైరన్ ఒత్తుతది. ఇంకోటి సైరన్ వైరే కోస్తది" అన్నారు సారు. నా గైడు గారికి ఈ మాట చెప్తే బోర్డు మీద రాసుకున్నారు.

ఫ్యాక్టరీలో కుందేళ్ళ బదులు సముద్రపు పీత రక్తంతో చేసే పరీక్ష వచ్చిన ఏడాదే సారు రిటైరయ్యారు. చిన్న గాజు గొట్టంలో నీళ్ళూ, ఆ రక్తపు పొడీ కలిపితే విషముంటే గడ్డకడుతుంది. "సముద్రం జూడని సంగారెడ్డోనికి పీత ఎందుకు బిడ్డా" అన్నారు కానీ, కుందేళ్ళకు సూది తప్పినందుకు ఆయనకు సంతోషమే. పట్వారిని యాదమ్మ ఇంటికి తీసుకుపోయింది.

ఇన్ని మాటల్లో, ఇన్నేళ్ళలో, ఆ మధ్యాహ్నం తర్వాత ఆ ఎర్ర పెన్ను పంక్తి మాట నేను రెండుసార్లే ఎత్తాను. మొదటిసారి ఉద్యోగం ఖాయమైన రోజున. "సదువు కానీ" అన్నారు. రెండోసారి ఆయన రిటైరైన రోజున. "ఇప్పుడు దిద్దినా నా కుర్చీ రాదు. నీ సదువు ఆగుతది" అన్నారు. మూడోసారి అడగలేదు. అడగకుండా ఉండటం నాకు సులువుగా ఉండింది. ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నానని అందరికీ చెప్పవచ్చు. నిజం ఏమిటంటే, పిలుపు వినపడుతూనే ఉంది, నేను కదల్లేదు.

పోయిన వారం మళ్ళీ పోతిరెడ్డిపల్లి వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు. అమ్మ వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన కూర్చుని కుక్కర్ సంగతి మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చివరికి అంది:

"గప్పుడు నీకెన్నేండ్లు?"

"ఇరవై ఒకటి."

"ఆయన నాకు గూడ చెప్పలే సూడు." ఒక పిక్క తీసి పక్కన పెట్టింది. "నాకు మర్శిన అన్నడు. నేను ఎన్నిమాట్ల దెప్పిన్నో. కూరల ఉప్పు తక్కువైందంటె సాలు, మీరు ఓవెన్ మర్వలేదా అంటుంటి."

"తప్పయిందమ్మా."

"నాకు చెప్తె ఏం లాభం? రాసిన కాడ రాయి."

అందుకే ఇది. అప్పటి మేనేజర్‌గారు ఆ రిజిస్టరు పేజీ జిరాక్సు ఇన్నాళ్ళు దాచి, సారు నిజాయితీకి గుర్తుగా సంచికలో వెయ్యమని ఇచ్చారు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు. సంచిక వేసేవాళ్ళు ఆ పేజీ తియ్యొద్దు. తీసేస్తే నల్లగా కొట్టేసినట్టే. దిద్ది వెయ్యండి.

సంచిక వాళ్ళనడిగి ఆ పేజీ ప్రతి ఒకటి తెచ్చుకున్నాను. ఇప్పుడది నా ముందుంది. సారు నేర్పినట్టే ఆ పంక్తిలో "నాది" అన్న మాట మీద ఒక్క గీత గీశాను, కింద ఆయన రాసింది చదవడానికి వచ్చేటట్టు. పక్కన రాశాను: "సామాను కుక్కర్లో ఉడికించినది నేను. ఆ రోజు సారు ఊళ్ళో లేరు." సంతకం పెట్టాను.

ఇంకో గడి ఉంది. కుక్కర్ దగ్గర నన్ను చూసింది యాదమ్మ ఒక్కతే. ఫ్యాక్టరీ చేతులు మారాక ఆమె కొడుకు దగ్గరికి వెళ్ళిందని విన్నాను, ఏ ఊరో తెలియలేదు. చదవడం ఆమెకు రాదు. కనుక ఇది చదివినవాళ్ళలో ఆమె ఎక్కడుందో తెలిసినవాళ్ళు దయచేసి ఆమెకు చదివి వినిపించండి. పప్పు వండుతున్నవా అని అడిగిన పిల్ల గుర్తుందా అని అడగండి. గుర్తుంటే ఆమె వేలిముద్రనో, ఆమె ఉన్న ఊరినో ఈ కాగితం వేసేవాళ్ళకు వచ్చే నెల పదిహేనో తేదీలోపు పంపండి. ఊరు చెప్తే చాలు, పేజీ పట్టుకుని నేనే వస్తాను. పదిహేను దాకా ఆ గడిని ఖాళీగా ఉంచుతాను.